తుర్సున్ అంటే ఉండనీ

దూలపల్లిలో మందు సీసాల మూతలు చేసే చిన్న ఫ్యాక్టరీలో నేను మిషన్ మీద పనిచేసేవాణ్ణి. అక్కడ కరెంటు పనులు చూసే పెద్దాయన పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు. హాజరు పట్టీలో దర్శన్ అని రాశారు. ఆయన ఏళ్ల తరబడి ఆ పేరుకే పలికారు. నేను చాచా అనేవాణ్ణి. మా మొదటి బిడ్డ ఏడో నెలలో కడుపులోనే పోయినప్పుడూ, రెండో బిడ్డ పుట్టి తొమ్మిది రోజులకే పోయినప్పుడూ ఆయన మేడ్చల్ నుంచి ఆటోలో అత్వెల్లిలోని మా ఇంటికి వచ్చారు. గుమ్మం పక్కన కుర్చీలో కాసేపు కూర్చుని వెళ్లిపోయారు.

మూడోసారి నా భార్యకు ఐదో నెల నడుస్తుండగా, ఒక మధ్యాహ్నం అన్నాలు తింటూ ఆయన తన అసలు పేరు చెప్పారు. వాళ్ల ముత్తాత గుర్రాలు అమ్ముకుంటూ సమర్‌ఖండ్ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడట. వాళ్ల తుర్కీ భాష ఇంట్లో ఎప్పుడో పోయింది. రెండు తిట్లు, ఒక వంటకం పేరు, ఈ పేరు మాత్రం మిగిలాయి.

"తుర్ అంటే ఉండుడు, నిలబడుడు. తుర్సున్ అంటే ఉండనీ అని. నాకంటే ముందు మా అమ్మకు ముగ్గురు పోయిన్రు బేటా. అందుకే మా తాత గీ పేరు పెట్టిండు. అరవై దగ్గరికొచ్చిన, ఇంకా ఉన్న."

మా వైపూ అలాంటిది ఉంది. మా నాయిన అన్నను పుట్టగానే పెంట మీద పడుకోబెట్టి, మళ్లీ ఎత్తుకుని, పెంటయ్య అని పిలిచారట. చావు అసహ్యించుకుని వదిలేస్తుందని ఆశ. చిన్నప్పటి నుంచీ ఆ పేరంటే నాకు సిగ్గు. చాచా పేరు అలా కాదు. అది చావును మోసం చేయాలని చూడదు, బతిమాలుతుంది అంతే.

ఇంటికి వెళ్లి నా భార్యకు చెప్పాను. చర్చిలో మనం చేసే ప్రార్థనల్లో మాటలన్నీ 'గాక' అనే కదా ముగిసేది, ఇదీ 'ఉండును గాక' అన్నట్టే ఉంది, ఇదే పెడదాం అంది. నలుగురూ ఏమంటారో అని మా అమ్మ గొణిగింది. పాస్టరుగారు మాత్రం దేవుడికి అన్ని భాషలూ వస్తాయన్నారు.

బాబు పుట్టాడు. చాచా చూడడానికి వచ్చి, వాడి మీదికి వంగి పేరు పెట్టి పిలిచారు. ఆ పేరుతో ఇంకొకరిని పిలవడం తన జీవితంలో ఇదే మొదలని సిగ్గుపడుతూ నవ్వారు.

మూడో నెలలో గుండెలో రంధ్రం ఉందని తేలింది. కొంచెం బరువు పెరిగితే ఆపరేషన్ చేస్తామన్నారు డాక్టర్లు. వారం వారం తూకం వేయించాం. బరువు పెరగలేదు. ఐదో నెల నిండాక ఒక పొద్దున నా భార్య ఒళ్లోనే వాడి ఊపిరి ఆగింది. నేను వాడి కాళ్లు రుద్దుతున్నాను. ఆమె వాడి పేరు పిలుస్తూనే ఉంది. వినేవాళ్లకు అది వట్టి పేరు. నాకు మాత్రం ఆమె ఉండనీ, ఉండనీ, ఉండనీ అని అడుగుతున్నట్టే వినిపించింది.

సమాధుల తోటలోకి చాచా రాలేదు. గేటు బయట నిలబడ్డారు. అంతా అయ్యాక నేనే ఆయన దగ్గరికి వెళ్లాను.

"గా పేరు నాకు పనిచేసింది బేటా," అన్నారు. "నీ కొడుకుకు ఎందుకు చెయ్యలేదో నాకు తెల్వది. నేను నోరు ఇప్పకుంటే మంచిగుంటుండె."

మీ తప్పేం లేదు చాచా అనాల్సింది. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో ఆయన బతికి ఉండడమే నేను ఓర్వలేకపోయాను. ఆ ఏడాదే ఆయన పని మానేశారు. ఫ్యాక్టరీలో ఆయనకు వీడ్కోలు చెప్పిన రోజు నేను సెలవు పెట్టాను. తర్వాత కూడా ఆయన ఇంటికి వెళ్లలేదు.

బాబు మరణ ధ్రువపత్రం కోసం వెళ్తే, ఆఫీసులో గుమస్తా వాడి పేరు రెండుసార్లు అడిగాడు.

"ఏం పేరన్నా ఇది? అర్థమేంది?"

తెలియదన్నాను. ఆయన తలూపి రాసుకున్నాడు.

ఇంకోసారి ప్రయత్నించవచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ నా భార్య, "ఇగ నాతోని కాదు," అంది. సరే అన్నాను. అంతకు మించి మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు.

తర్వాత బహదూర్‌పల్లిలో ఒక కాలనీకి మారాం. చుట్టూ కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్తుల కుటుంబాలు, మంచివాళ్లే. వచ్చిన వారంలోనే పక్కింటావిడ పిల్లలెంతమంది అని అడిగింది. లేరండీ అంది నా భార్య. ముగ్గురు అని చెప్పాలని నాకు నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. లోపలికి వెళ్లి కూర్చున్నాను.