పిక్కల లోగనాథన్

నేతగాళ్ల ఊరు గుడియాత్తంలో లోగనాథన్ ఎదురుపడితే పెద్దవాళ్లు ముందు నమస్కారం పెట్టరు, పంచె కిందికి దించుకుంటారు. అరవై దాటిన పిక్క కంటపడిందా, జేబులోంచి లుంగీ నూలు దారం తీసి చుట్టి కొలవందే ఆయన వదలడు మరి!

ఈ పిచ్చి అంటించింది వేలూరు నుంచి వచ్చిన పోషకాహార పరిశోధకులు. వయసు మీదపడితే కండ కరుగుతుందనీ, పిక్క కొలిస్తే తెలుస్తుందనీ, పప్పూ గుడ్డూ తింటూ నడుస్తుంటే కండ నిలుస్తుందనీ చెప్పి నేతగాళ్ల కాళ్లు కొలిచి వెళ్లారు. పిక్క ఇంతకు తగ్గకూడదని వాళ్లు చెప్పిన కొలతకే లోగనాథన్ దారం తెంపుకున్నాడు. చుట్టాక దారం మిగిలితే మనిషి చిక్కినట్లు.

ఒకసారి షేర్ ఆటోలో తొంభై ఏళ్ల పెద్దాయన కాలు పట్టుకున్నాడు.

"దీవించమంటావా నాయనా?"

"వద్దప్పా, కదలకుండా కూర్చో!"

కోడలు మోహనకు తల కొట్టేసినట్లయ్యేది. "మామా, పెండ్లి పందిట్లో గూడానా? పెండ్లికొడుకు తాత కాలు పట్టుకుంటివే!"

"పట్టుకోలేదమ్మా, కొలిచినాను. దారం రెండు వేళ్లు మిగిలినాది. పాపం, ఆయనకు పప్పు చాలదు."

చివరికి దారం మిగిలినవాళ్లంతా రోజూ నాలుగింటికి తమ ఇంటికి రావాలన్నాడు. సెనగ గుగ్గిళ్లు, ఉడికిన గుడ్డు పెడతాడట. అది ఆరాయ్చి, అంటే పరిశోధన అట! వండేది మోహన. మొదటిరోజే ఆమెకు ఒళ్లు మండింది. వచ్చినవాళ్లలో మేస్త్రీ చెంగల్రాయుడు కూడా ఉన్నాడు.

మామను లోపలికి పిలిచింది. "ఆయన పిక్కలు రోకలిబండలు మాదిరి ఉండాయి. దారం యాడ మిగిలినాది?"

"మెల్లగా అమ్మా! బయట రాజాంబాళ్ కూర్చోనుండాది, వింటాది."

పక్కింట్లో ఒంటరిగా ఉండే రాజాంబాళ్ ఈమధ్య మగ్గం గుంటలోంచి లేవాలంటే గోడ పట్టుకుంటున్నది. టీతోనే పూట గడుపుతుందని వీధికంతా తెలుసు. ఎవరేమిచ్చినా "ఇప్పుడే తింటిని" అని తిప్పి పంపుతుంది. మోహన పంపిన గిన్నె కూడా రెండుసార్లు అలాగే తిరిగొచ్చింది.

"ఆయమ్మ ఒక్కదానికే పెడితే దానం అంటాది, వద్దంటాది. పదిమందితో అయితే ఆరాయ్చి అంటాది, తింటాది. ఊరంతా కొలిస్తేగాని ఆయమ్మ కాలు కొలవనీలేదమ్మా" అన్నాడు లోగనాథన్.

ఇన్నాళ్లూ ఈయన్నా నేను తిట్టుకున్నది అనుకుంది మోహన.

బయటికొచ్చేసరికి రాజాంబాళ్ తన గుడ్డు చెంగల్రాయుడి చేతిలో పెడుతున్నది. "తినప్పా, ఎంత చిక్కిపోయినావో!"

చెంగల్రాయుడు బిక్కమొహం వేశాడు.

మోహన ఆ గుడ్డు తీసి మళ్లీ రాజాంబాళ్‌కే ఇచ్చింది. "అట్ల ఇయ్యకూడదత్తా. నువ్వు తినకపోతే ఆరాయ్చి అంతా చెడిపోతాది" అంది, నవ్వు ఆపుకుంటూ.

రాజాంబాళ్ హడలిపోయి, గుడ్డంతా తినేసింది.