నీళ్ల కుండ మీది మూత

మార్కాపురం పలకల గనిలో విశ్వాసం నలభై ఏళ్లు రాయి చీల్చాడు. ఉలి ఆనించి సుత్తితో రెండు దెబ్బలు వేస్తే ఎంత మొండి రాయైనా పొరలుగా విడిపోయేది. ఇంట్లో మాత్రం ఆయన మాట అంత బాగా పారేది కాదు. అక్కడ భార్య సామ్రాజ్యం ఉంది.

పొరల నడుమ గీత పడ్డ రాయి పలకకు పనికిరాదు, బడికి చేరకముందే విచ్చిపోతుంది. అలాంటివి పారేయడానికి మనసొప్పక ఆయన ఇంటికి మోసుకొచ్చేవాడు. వాటిలో అంచు చుట్టూ ఎర్రగీత ఉన్న మందపాటి బిళ్ల ఇరవై ఏళ్లుగా నీళ్ల కుండకు మూత.

పోయిన ఏడాది మనవరాలు దయామణి బడి నుంచి ఒక సంగతి మోసుకొచ్చింది. ఎప్పుడో ఆకాశం నుంచి కొండంత రాయి పడిందట. లేచిన దుమ్ము సూర్యుణ్ణి కప్పేసిందట. మొక్కలు చచ్చి, మేత లేక రాకాసిబల్లులన్నీ పోయాయట. ఆ దుమ్ము ఇప్పటికీ కొన్నిచోట్ల రాళ్ల నడుమ సన్నటి గీతలా కనిపిస్తుందట.

విశ్వాసం లేచి కుండ మూత తీశాడు. "ఇదే ఆ గీత."

"మూత పెట్టయ్యా, నీళ్లల్లో దుమ్ము పడతాది," అంది సామ్రాజ్యం.

ఆయన పెట్టలేదు. సాయంత్రానికి వీధంతా చెప్పేశాడు. టీకొట్టు చెన్నకేశవులు గ్లాసు కడుగుతూ, "బల్లి తోక గూడ దొరికిందా మామా?" అన్నాడు.

"రేపు బళ్లో సారే చెప్తాడు. వచ్చి విను."

అంత మాట అన్నాక వెనక్కి తగ్గడానికి లేదు. మర్నాడు చంకలో మూత, ఎందుకైనా మంచిదని సంచిలో ఉలీ సుత్తీ, వెనకాల చెన్నకేశవులు.

సైన్సు సారు సంజీవరావు బిళ్లను తిప్పితిప్పి చూశాడు. "పెద్దాయనా, ఇది అప్పటిది కాదు. ఈ ఎరుపు తుప్పు. ఈ రాయి ఆ బల్లులు పుట్టకముందు, వంద కోట్ల ఏండ్లకు పైనే, పేరుకున్న బురద. అయినా వాటిని ఆ పడిన రాయొక్కటే చంపిందా, మన దేశంలో పొంగిన అగ్నిపర్వతాలకు గూడ పాలుందా అని చదువుకున్నోళ్లే ఇంకా తేల్చుకుంటున్నారు."

చెన్నకేశవులు దగ్గాడు. విశ్వాసం చెవులు వేడెక్కాయి. బిళ్లను తన వైపు లాక్కున్నాడు.

"సారూ, అది పడేటప్పటికి మన రాయి ఉండాదా?"

"ఉంది. అప్పటికే ముసలిది."

"అన్నీ చచ్చినా దీనికేం కాలా?"

"ఏం కాలేదు."

"అట్లయితే పిల్లోళ్లకు లోపల గూడ చూపిస్తా."

గీత మీద ఉలి ఆనించి రెండు దెబ్బలు వేశాడు. బిళ్ల పుస్తకంలా తెరుచుకుంది. లోపల వరసగా సన్నటి ముడతలు.

"అలలు," అన్నాడు సారు, గొంతు తగ్గించి. "అప్పటి నీళ్లు వదిలిపోయినవి. వీటిని మొదట చూసింది మనమే."

పిల్లలు వేళ్లతో తడిమారు. చెన్నకేశవులూ తడిమాడు. ఈసారి దగ్గలేదు.

ఒక సగం బళ్లో ఉండిపోయింది. రెండో సగంతో విశ్వాసం ఇల్లు చేరాడు.

"నా మూత పల్చబడిందేంది?" అంది సామ్రాజ్యం.

"సగం బడికిచ్చినా."

"నీ బల్లుల సంగతి ఏమైంది?"

"అది నిన్నా మొన్నటి ముచ్చట. మన రాయి ముందర దానిది మనవడి వయసు."

సామ్రాజ్యం మూతను అటూ ఇటూ తిప్పి, అలలున్న వైపు పైకి పెట్టింది. "ఈ సందుల్లో మన్ను చేరితే ఎవరు కడగాల?"

రోజూ పొద్దున ఆయనే కడుగుతున్నాడు. మంచినీళ్లు అడిగినవాళ్లకు ముందు మూత చూపిస్తాడు. నీళ్లు ఆ తరవాతే.