జోహరాబీ సర్దిన పలక

పనిముట్లు సర్దిపెట్టుకునే తీరును బట్టి పనివాణ్ణి అంచనా వేయవచ్చునని చాలామంది నమ్ముతారు. గోడకు వరుసగా వేలాడే పానాలను చూసిన రైతు, తన ఇంజను భద్రమైన చేతుల్లో పడిందని తృప్తిగా ఇంటికి వెళతాడు. మార్టూరు దగ్గర ఒక పల్లెలో, ఇంటిని ఆనుకున్న రేకుల షెడ్డులో ఆయిల్ ఇంజన్లు బాగుచేసిన అల్లాబక్షు విషయంలో ఈ నమ్మకం నిలవలేదు.

ముప్పై ఏళ్ళపాటు ఆ షెడ్డులో సర్దడమన్నది లేదు. నేలమీద రెండు గోనెపట్టాలు, వాటిమీద గుట్టలుగా నట్లకు తొడిగి తిప్పే సాకెట్లు, పానాలు, సుత్తులు.

"కల్లంలో కాయలు పోసినట్టు ఇదేంది సాయిబూ! నీ సామాను మీద నువ్వే జారి పడతావు," అనేవాడు బాపయ్య అనే మిరప రైతు.

"నేను పడనులెండి. మీరు చూసి నడవండి," అనేవాడు బక్షు తల ఎత్తకుండానే.

ఆ గుట్టల్లో ఉన్న విభజన ఒక్కటే. పాత ఇంజన్ల నట్లు అంగుళాల కొలతలో ఉంటాయి, కొత్తవాటివి మిల్లీమీటర్లలో. ఒక పట్టామీద అంగుళాల సాకెట్లు, రెండో పట్టామీద మిల్లీమీటర్లవి. ఆపైన ఏది ఏ సైజో ఆయన వేళ్ళకు తెలుసు. బయటివాళ్ళకు చిందరవందరగా కనిపించినదానిలో అవసరమైనంత క్రమం ఉండనే ఉంది. చెప్పవలసిన సంగతి అని తోచక ఆయన దాన్ని ఎవరికీ చెప్పలేదు, భార్యకు కూడా.

రెండువేల రెండులో, బక్షుకున్న చక్కెర జబ్బు కళ్ళదాకా వచ్చింది. పట్నంలో బ్రాడీపేట కంటి డాక్టరు పరీక్షించి, పోయిన చూపు తిరిగి రాదనీ, మిగిలినదాన్ని కాపాడుకోమనీ చెప్పాడు. బస్సులో తిరిగివస్తూ బక్షు భార్యతో ఒకే మాట అన్నాడు.

"ఊళ్ళో ఎవరితో అనమాక."

జోహరాబీ అనలేదు. కళ్ళు లేని మేస్త్రీకి ఇంజను అప్పగించేవాడు ఉండడని ఆమెకూ తెలుసు. మరుసటి ఏడు వేళ్ళ చివర్లు కూడా మొద్దుబారాయి. పట్టామీద ఆయన తడుముకుంటూ ఉంటే చూడలేక, దసరా వెళ్ళాక ఆమె ఒక పొడుగాటి చెక్క పలక తెచ్చి, వరుసగా మేకులు కొట్టి, సాకెట్లను చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వాటికి తగిలించింది. ఒక్కో మేకు కింద తెల్ల పెయింటుతో అరచేతంత అంకె వేసింది. కొన్ని సాకెట్లమీద పైన ఒక అంకె, కింద ఒక అంకె, మధ్యన గీత ఉన్నాయి. అవేమిటో ఆమెకు అర్థం కాలేదు. వాటిని మిగతావాటి పక్కన పెట్టి చూసి, ఏ సైజుకు దగ్గరగా ఉంటే ఆ మేకుకే తగిలించింది. మూడు రోజుల పని అది. వరుసను ఒకసారి సరిచూసుకుందామని బక్షుకు అనిపించింది కాని, ఆమె శ్రమను శంకించినట్టవుతుందని మానుకున్నాడు.

పలకను ఊరు మెచ్చుకుంది. "ఇప్పుడు షెడ్డులాగా ఉంది సాయిబూ!" అన్నాడు బాపయ్య. ముప్పై ఏళ్ళు పనిచేసినా రాని మెప్పు, పని చేతకాకుండా పోతున్న నెలల్లో వచ్చింది. కొత్తవాళ్ళ ఇంజన్లు కూడా ఎక్కువగా రాసాగాయి.

జనవరిలో బాపయ్య తన ఇంజను తెచ్చాడు. ఆ ఏడు కాలవకు నీళ్ళు లేవు. తోటకు వాగులోంచి తోడుకోవలసిందే. ఇంజను పైమూత, అంటే హెడ్డు, విప్పాలి. బక్షు పదిహేడు అంకె పైనున్న మేకునుంచి సాకెట్ తీసుకున్నాడు. చేతికి వచ్చింది అంగుళాలది. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. మొదటి నట్టుమీద అది జారింది. ఏదో తప్పిందని ఆయనకు అప్పుడే తెలిసింది. ఆగి, తీసి, కంటికి దగ్గరగా పెట్టుకుని చూడవలసింది. బాపయ్య పక్కనే నిలబడి ఉన్నాడు. బక్షు పిడికి పైపు తొడిగి బలంగా లాగాడు. ఆ నట్టు మూలలు పోయాయి. రెండోదానికీ అదే గతి పట్టించాడు.

"ఏంది సాయిబూ ఇది? నిమ్మకాయల్లాగా గుండ్రంగా చేశావు! తోట వాడిపోతా ఉంది. రేపటికి తడి పెట్టకపోతే పూతంతా రాలిద్ది."

గుమ్మంలోనుంచి జోహరాబీ వచ్చి సాకెట్ అందుకుని చూసింది. మధ్యన గీత ఉన్న రకం. ఆమెకు విషయం అర్థమైంది.

"తప్పు నాదే అన్నయ్యగారూ. రెండు రకాలూ కలిపి తగిలించాను. ఆయన చేతికి తప్పుడిది అందింది."

"అదీ సంగతి!" బాపయ్య కోపం సగం దిగింది. "ఆడోళ్ళు సర్దితే అంతేనమ్మా. మా ఇంట్లో నా కండువా నాకే దొరకదు. పోనీలే సాయిబూ, సరైంది పెట్టి తియ్యి."

అంతటితో ఆ మాట ముగిసిపోయేది. పలకను మళ్ళీ సర్దుకుంటే సరిపోయేది. జోహరాబీ భర్త వైపు చూసి, వద్దన్నట్టు తల ఆడించింది. ఆయనకు అది కనిపించిందో లేదో తెలియదు.

"దానిది తప్పు కాదండీ," అన్నాడు బక్షు. "అది కలిపినా, సాకెట్ మీద అంకె ఉంటది. నేను చూసుకోవాల. నాకు కనపట్టంలా."

"ఎప్పట్నించి?"

"రెండేళ్ళు కావస్తంది."

"మరి నా ఇంజను ఎట్టా తీసుకున్నావయ్యా?"

బక్షు పిడినుంచి పైపు ఊడదీసి పక్కన పెట్టాడు.

మర్నాడు చిలకలూరిపేట నుంచి హయాత్ అనే వెల్డరు వచ్చి, ఆ నట్లకు ఇనుప ముక్కలు అతికించి వాటిని తిప్పి తీశాడు. తోటకు రెండు రోజులు ఆలస్యంగా నీళ్ళు అందాయి; పూత కొంత రాలింది. అల్లాబక్షు ఇంజన్లు విప్పడం మానుకున్నాడు. సాకెట్లు, పానాలు హయాత్‌కు ఇచ్చివేశాడు. ఇంజన్లతో వచ్చినవాళ్ళకు తనకు చూపు లేదని చెప్పి, వాళ్ళను చిలకలూరిపేటకు పంపాడు. జోహరాబీ మిరప తొడిమలు తీసే కూలికి వెళ్ళసాగింది. ఎవరైనా అడిగితే, ఇంజను చప్పుడు విని లోపం ఎక్కడుందో చెప్పడానికి మాత్రం ఆయన ఒప్పుకున్నాడు. అలా అడిగినవాళ్ళు కొద్దిమందే.