రెండు హారన్లు

క్రేన్ ఆపరేటర్‌కి సైట్‌లో అందరూ పెట్టిన పేరు నాలుగ్గంటలు. రోజుకి అతను నిద్రపోయేది అంతే, ఇరవై రెండేళ్ళుగా అంతే. పదకొండింటికి నడుం వాల్చేవాడు, మూడింటికి అలారం లేకుండా లేచేవాడు. లేచి ఇంటిల్లిపాది బట్టలూ ఇస్త్రీ చేసేవాడు. తెల్లారేసరికి కుర్చీల మీద చొక్కాలు, మనుషులకంటే ముందే లేచి కూర్చున్నట్టు ఉండేవి.

ఇంట్లో మిగతావాళ్ళకి నిద్రతో ఒక్కొక్కరిది ఒక్కో చుట్టరికం. అతని భార్య తల దిండుకి తగిలితే చాలు, దీపం ఆర్పినట్టే. ఎనిమిది గంటలకి ఏమాత్రం తగ్గినా ఆ రోజంతా వంటింట్లో గిన్నెలు గట్టిగా మాట్లాడేవి. అతని అత్తగారిది తునకల నిద్ర. కుర్చీలో కాస్త, బస్సులో కాస్త, టీవీ ముందు కాస్త. "నేను నిద్రపోలేదు, ఊరికే కళ్ళు మూసుకున్నా" అనేది గురక మధ్యలోంచి. భార్య తమ్ముడైతే సిమెంటు బస్తాల మీద కూడా హాయిగా పడుకోగలడు. భోజనాల వేళ పావుగంట మాయమై, బుగ్గ మీద బస్తా గీతలతో తిరిగొచ్చేవాడు.

"మీ వంశమంతా సగం బతుకు దుప్పటికి రాసిచ్చేశారురా" అనేవాడు ఆపరేటర్.

"మిగుల్చుకున్నదాంతో నువ్వేం చేశావు బావా? మా చొక్కాలేగా ఇస్త్రీ చేశావు" అనేవాడు బావమరిది.

ఇద్దరిదీ ఒకే సైట్. ఆపరేటర్ రెండొందల పన్నెండు మెట్ల ఇనప నిచ్చెన ఎక్కి, పైనున్న గాజు గదిలో కూర్చుని క్రేన్ నడుపుతాడు. బావమరిది నేల మీద నిలబడి, కొక్కేనికి బరువు కట్టించి, చేతులతో సైగలు చేస్తాడు. వాకీటాకీ ఉంది గానీ అందులో గాలి తప్ప మాట వినపడదు. పైనుంచి బావమరిది ఒక పసుపు టోపీ. అంతే కనిపిస్తాడు.

వేలాడే బరువు కింద ఎవరూ నడవకూడదని గేటు దగ్గర ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. అయితే బరువు కట్టిన చోటి నుంచి భవనం లోపలి మెట్ల దాకా రావాలంటే భవనమంతా చుట్టి రావాలి. బరువు కిందనుంచి దాటితే ఇరవై అడుగులు. అందుకని తొమ్మిదేళ్ళుగా, ఏ సైట్‌కి మారినా, బావాబావమరుదులది ఒక ఏర్పాటు. బరువు కాస్త పైకి లేచాక ఆపరేటర్ దాన్ని గాల్లో ఆపి, లీవర్ మీద ఉన్న బటన్‌ని బొటనవేలితో రెండుసార్లు నొక్కుతాడు. రెండు హారన్లు. నువ్వు దాటు, నేను పట్టుకున్నాను అని. పసుపు టోపీ తలెత్తి కూడా చూడకుండా దాటేస్తుంది. ఇంట్లో ఆడవాళ్ళకి ఈ సంగతి తెలియదు.

ఆ రోజు మధ్యాహ్నం రెండూ నలభై. గాజు గదిలో ఎండ పలచని తేనెలా నిండి ఉంది. కొక్కేనికి ఇనప కడ్డీల కట్ట తగిలించడం చూశాడు. కట్ట నేలని విడవడం చూశాడు. ఆ తర్వాత అతను చూసింది, కట్ట తొమ్మిదో అంతస్తు మీద, సరిగ్గా సున్నంతో గీసిన గుర్తు మీద, పడుకోబెట్టిన పసిపిల్లలా ఉండటం.

మధ్యలో ఏమీ లేదు. చీకటి కూడా లేదు, చీకటైతే గుర్తుండేది. గడియారం రెండూ నలభై మూడు చూపిస్తోంది.

ఆ లీవర్లకి స్ప్రింగులు ఉంటాయి, చెయ్యి సడలితే క్రేన్ అక్కడే ఆగిపోతుంది. ఆపరేటర్ కునికినా బరువు కదలకూడదని వాటిని అలా తయారుచేశారు. కానీ అతని చేతులు సడలలేదు. అతను లేకుండానే బరువెత్తాయి, తిప్పాయి, దించాయి. మనిషి కళ్ళు తెరిచే ఉండి కూడా అలా నిద్రలోకి జారిపోవచ్చని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. ఆ రోజుకి అతనికి అది తెలియదు. తన కుర్చీలో తనుకాక ఇంకెవరో కూర్చుని వెళ్ళినట్టు, ఆ సీటు ఇంకా వెచ్చగా ఉన్నట్టు అనిపించింది.

సాయంత్రం కిందికి దిగాక, నీళ్ళ పీపా దగ్గర బావమరిదిని అడిగాడు.

"ఒరేయ్, ఇందాక కడ్డీలు పైకి పంపినప్పుడు ఎటునుంచి వెళ్ళావు?"

"ఎటేంటి బావా. ఎప్పుడూ వెళ్ళేవైపే. కిందనుంచే."

"హారన్ కొట్టానా?"

"కొట్టకపోతే నేనెందుకు దాటుతా? రెండు కొట్టావు, ముచ్చటగా. అప్పుడే మర్చిపోయావా? ముసలాడివైపోతున్నావు, అక్కతో చెబుతా."

బావమరిది టోపీ తీసి నెత్తి మీద నీళ్ళు పోసుకున్నాడు. ఆపరేటర్ ఆ తలకేసి చూస్తూ ఉండిపోయాడు. నడినెత్తిన రెండు సుడులు. వాడికి రెండు సుడులున్నాయని ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు.

"ఏంటలా చూస్తున్నావు?"

"ఏం లేదు. తల తుడుచుకో, జలుబు చేస్తుంది."

ఇంట్లో అన్నం పెడుతూ భార్య అంది, "ఈమధ్య నిద్రలో మీ చేతులు కదులుతున్నాయండీ. మొన్న నా మోచెయ్యి పట్టుకుని మెల్లగా పైకెత్తారు, మెల్లగా దించారు. నేనేమన్నా ఇటుకల మూటనా?"

అత్తగారు నవ్వింది. ఆపరేటర్ చెయ్యి కడుక్కుని లేచాడు.

ఆ రోజు తొమ్మిదింటికే పడుకున్నాడు. నిద్ర రాలేదు. ఇన్నేళ్ళూ గుమ్మంలోంచే పంపేసిన చుట్టం, పిలవగానే వస్తుందా? అతను వద్దన్న గంటలేవీ ఎక్కడికీ పోలేదనీ, ఇన్నాళ్ళూ చప్పుడు చెయ్యకుండా వెనకే నడిచొచ్చాయనీ, ఇప్పుడు మూడేసి నిమిషాలుగా ముందుకొస్తున్నాయనీ అనిపించింది. చెబితే? కునికిన ఆపరేటర్‌ని మళ్ళీ నిచ్చెన ఎక్కనివ్వరు. చెప్పకపోతే? కళ్ళు మూస్తే రెండు సుడులు కనిపించాయి. రెండు చేతులూ ఒంటి కింద పెట్టుకుని బోర్లా పడుకున్నాడు.

మర్నాడు జేబులో నాలుగు పచ్చిమిరపకాయలు వేసుకుని నిచ్చెన ఎక్కాడు. మొదటి బరువు ఇటుకలు. అవి నేల విడిచి లేచాయి. గాల్లో ఆపాడు. కింద పసుపు టోపీ అంచు దగ్గరికొచ్చి నిలబడింది. తల ఎత్తలేదు.

హారన్ కొట్టాలి.

మిరపకాయ కొరికాడు. నాలుక మండింది. నేను మేలుకునే ఉన్నాను అనుకున్నాడు. నిన్న కూడా ఇలాగే అనుకుని ఉంటాడు కదా. మేలుకునే ఉన్నానని తనకి ఎవరు చెప్పాలి? ఆ గాజు గదిలో అడగడానికి ఇంకో మనిషి లేడు.

పసుపు టోపీ ఎదురుచూస్తోంది. రెండు చేతులూ చాచి, ఏమైంది అన్నట్టు తిప్పింది. అప్పుడు చూసుకున్నాడు, తన బొటనవేలు అప్పటికే బటన్ మీదికి వంగుతోంది. అతను వంచలేదు. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని లీవర్ మీంచి లాగేశాడు, నిప్పు మీంచి లాగినట్టు.

చాలాసేపటికి ఎడమచేత్తోనే, ఒక్కో అడుగూ బిగ్గరగా చెప్పుకుంటూ ఇటుకల్ని కిందికి దించాడు. యంత్రం ఆపేసి నిచ్చెన దిగడం మొదలుపెట్టాడు. మెట్లు లెక్కపెట్టాడు. నూట నలభై దగ్గర లెక్క తప్పింది. తప్పింది లెక్కా, తనా? ఇనప కమ్మీని కౌగిలించుకుని, గాలి తగ్గేదాకా అక్కడే ఉండిపోయాడు.

కింద బావమరిది పరిగెత్తుకొచ్చాడు. "హారన్ పాడైందా బావా?"

"హారన్ బాగానే ఉంది."

"మరి?"

ఇరవై రెండేళ్ళుగా అనని మాట. గొంతులోంచి తుప్పు రాలినట్టు వచ్చింది.

"నాకు నిద్రొస్తోందిరా."

బావమరిది నవ్వబోయి, అతని మొహం చూసి ఆగాడు. ఆపరేటర్ అంతా చెప్పాడు. మూడు నిమిషాలు, కడ్డీలు, గుర్తులేని హారన్లు. వింటూ వింటూ బావమరిది చెయ్యి తనకి తెలియకుండానే టోపీ మీదికి వెళ్ళింది.

"అయితే నిన్న నేను దాటినప్పుడు..."

"నేను లేను."

సూపర్‌వైజర్ కూడా మొదట నవ్వాడు. "మన నాలుగ్గంటలుకి నిద్రా?" అన్నాడు. తర్వాత నవ్వు మానేసి పక్క క్రేన్ ఆపరేటర్‌ని పిలిపించాడు. డాక్టరు కాగితం తెచ్చేదాకా నిచ్చెన ముట్టుకోవద్దని, చూపులు కలపకుండా చెప్పాడు.

స్టోరు గదిలో సిమెంటు బస్తాల మీద బావమరిది గోనెపట్టా పరిచాడు. "ఇది నా చోటు. వెల్లకిలా పడుకో, లేకపోతే బుగ్గ మీద గీతలు పడతాయి."

"నువ్వు ఇక్కడే ఉంటావా?"

"ఉంటా బావా."

"నా చేతులు చూస్తూ ఉండు" అన్నాడు ఆపరేటర్. మాట పూర్తయ్యేలోపే నిద్రపోయాడు.

బావమరిది ఎదురుగా బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. కిటికీ వెలుతురులో సిమెంటు ధూళి మెల్లగా దిగుతోంది. కాసేపటికి ఆపరేటర్ ఎడమచెయ్యి ముందుకి జరిగింది. కుడి పిడికిలి బిగిసి, దేన్నో ఎత్తింది, గాల్లో ఆపింది. నుదుటి మీద ఒక్క ముడత లేదు, ఊపిరి నెమ్మదిగా ఆడుతోంది. అప్పుడు బొటనవేలు వంగింది. ఒకసారి. ఇంకోసారి. ఎప్పుడూ కొట్టేంత ముచ్చటగా.

బావమరిది చప్పున తలెత్తి చూశాడు. పైన రేకుల కప్పు తప్ప ఏమీ లేదు. అయినా బకెట్‌ని రెండడుగులు వెనక్కి జరుపుకున్నాడు. బావ లేచేదాకా ఆ చేతుల మీంచి కళ్ళు తిప్పలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు, క్రేన్ ఆగిపోయి కొక్కెం ఖాళీగా వేలాడుతున్నా, బావ భుజం పట్టుకుని భవనం మొత్తం చుట్టి గేటు దాకా నడిపించాడు.