తలుపు మూయని ఇల్లు

కళ్యాణదుర్గంలో ఉదయం ఎనిమిదికి షేర్ ఆటో ఎక్కాను. ఏడాదికోసారి ఒక పగలంతా ఊరు ఖాళీ చేసే పల్లె ఉందని, అది ప్లేగు కాలం నాటి ఆచారమని విని బయలుదేరాను. పక్కన కూర్చున్న ముసలాయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఈ పొద్దు ఆడ కుక్క కూడా ఉండదప్పా. అందరూ చింతతోపులో ఉంటారు. పొద్దు మునిగేదాంకా ఎవురూ ఊర్లో అడుగు పెట్టరు" అన్నాడు.

ఆటో రోడ్డు మీదే దించేసింది. తోపుకు దారి ఊరి మధ్యగానే. తలుపులన్నిటికీ తాళాలు, గడపలకు అడ్డంగా వేపమండలు. కోడి లేదు, పొయ్యి పొగ లేదు. దయ్యాల మీద నాకు నమ్మకం లేదు గానీ భయం బాగానే ఉంది. గబగబా నడిచాను. వీధి చివర ఒక ఇల్లు మాత్రం బార్లా తెరిచి ఉంది. మంచం మీద ఉతికిన దుప్పటి, పక్కన చెంబుతో నీళ్లు. "ఎవరండీ లోపల?" అన్నాను. లోగదిలో ఎవరో దగ్గారు. పొడి దగ్గు, ఆగకుండా. మళ్లీ పిలిస్తే ఆగిపోయింది. గడప దాటే ధైర్యం రాలేదు.

తోపులో ఊరు ఊరంతా ఉంది. ఊరి పెద్ద పెద్దరెడ్డి నన్ను కూర్చోబెట్టి సంకటి, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి పెట్టించాడు.

"తలుపులన్నీ మూసిండాయా అప్పా? ఎలకలు రాలిన కాలంలో తెరిచిన ఇంట్లోకే రోగం తిరిగొచ్చిందంట. యాడన్నా తెరిచింటే చెప్పు, మనిషిని పంపి తాళమేయిస్తా" అన్నాడు.

వడ్డిస్తున్నామె చెయ్యి ఆగిపోయింది. నా ముఖమే చూస్తోంది.

"అన్నీ మూసే ఉన్నాయి" అన్నాను.

సాయంత్రం బస్సు కోసం చేల వెంబడి చుట్టూ తిరిగి రోడ్డెక్కితే ఆమె వెనకే వచ్చింది. పేరు ఓబుళమ్మ. కరోనాలో భర్తను పట్నం ఆసుపత్రికి తీసుకుపోయారట. శవాన్ని ఊరికి రానివ్వలేదట, అక్కడే కాల్చేశారట.

"రోగం రాకూడదని అందరూ మూస్తారన్నా. మా ఇంటాయన వస్తాడని నేను తెరిచి పెట్టినా. ఎవురన్నా ఉన్నట్ల కనపడిందా?"

మేకేదో దూరి ఉంటుందని చెప్పవచ్చు. కానీ ఆ ఊళ్లో ఒక్క జీవి కూడా లేదని నా కళ్లతో చూశాను. "మనిషిని చూడలేదమ్మా. దగ్గు విన్నాను" అన్నాను.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అంత దూరం పోయినా తగ్గలేదా ఆ దగ్గు?" అంది.

బస్సు వచ్చింది. ఆ ఆచారం చూడదలచిన వారికి నా సలహా ఒకటే, చేల వెంబడి చుట్టూ తిరిగి తోపుకు వెళ్లండి. కిటికీ పక్కన కూర్చుని వెనక్కి చూశాను. ఓబుళమ్మ తోపు దారి వదిలేసి ఊళ్లోకి పరిగెత్తుతోంది. పొద్దు ఇంకా మునగలేదు.