హార్లన్ కారు ఇంజిను నంబరు

వెర్నా ప్రిబిల్ తన మొగుడు హార్లన్ అంత్యక్రియల రోజున ఏడవలేదు. చర్చి హాల్లో అందరూ హామ్ శాండ్‌విచ్‌లు తింటుంటే ఎవడో బుద్ధిలేనివాడు హార్లన్ కారు సంగతి ఎత్తాడు. ఆమె ఖాళీ ప్లేటు పట్టుకునే గడగడా అప్పజెప్పింది. అరవై తొమ్మిది మోడల్, మూడు వందల తొంభై ఆరు క్యూబిక్ అంగుళాల వీ-ఎయిట్, మూడు వందల డెబ్బై అయిదు హార్స్‌పవర్, కంప్రెషన్ పదకొండుకి ఒకటి, నాలుగు గేర్లు. చివర్న, ఇంజిను అసలుదే, కారుతోపాటు ఫ్యాక్టరీలో బిగించిందే అంది. హార్లన్ కూడా ఎప్పుడూ అలాగే ముగించేవాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆమె మా ఊరి కారు సీట్ల ఫ్యాక్టరీలో స్ప్రింగులు బిగించింది. పిల్లలు లేరు. ఆదివారం వస్తే ఒహాయోలో ఎక్కడ కార్ల మేళా ఉంటే అక్కడ, మడత కుర్చీ వేసుకుని ఆ కారు పక్కన కూర్చునేది. నేను మా క్లబ్బు తరఫున పాత కార్లు తనిఖీ చేసేవాణ్ణి. హార్లన్‌తో నలభై ఏళ్ళ స్నేహం. అయినా ఆ మొండిఘటం ఏనాడూ నన్ను తన ఇంజిను మీదికి వంగనివ్వలేదు. ఉత్త పొగరనుకున్నాను.

అతను పోయాక మ్యూజియం నుంచి వెండెల్ అనే పెద్దమనిషి వచ్చాడు. కారుని హార్లన్ పేరు పలకతో సహా కలకాలం ఉంచుతామన్నాడు. ఒకటే షరతు, ఇంజిను అసలుదై ఉండాలి. వెర్నా సరేనంది. అంత్యక్రియలనుంచీ ఎవరేమన్నా సరేనంటోంది, తను విన్నదో లేదో కూడా తెలియదు. ఇంజిను తనిఖీ నాకు అప్పజెప్పారు. ఆ ఆదివారం మేళాకి కారు నేనే నడిపాను. ఆమె పక్క సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మేళాలో కిరోసిన్ గుడ్డతో ఇంజిను ముందుభాగం తుడిచి, టార్చి వేసి నంబరు చదివాను. అసలు ఇంజినైతే దాని మీద కారు నంబరే కొట్టి ఉంటుంది. ఇది కలవలేదు. మళ్ళీ తుడిచాను, మళ్ళీ చదివాను. నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు కూడా అబద్ధం చెప్పాడా వీడు?

వెండెల్ నా భుజం మీదుగా తొంగిచూశాడు. "అయితే ఇన్నేళ్ళూ మీ ఆయన మా అందరి చెవుల్లో పూలు పెట్టాడన్నమాట."

వెర్నా మడత కుర్చీలోంచి లేవలేదు.

"ఆ ఇంజిను పగలగొట్టింది నేను," అంది.

కారు లెక్కలు చెప్పే గొంతుతోనే చెప్పింది. డెబ్బై మూడు ఆగస్టు, పెళ్ళయిన కొత్త. నడుపుతానని తనే బతిమాలింది. తొంభై మైళ్ళ వేగంలో మూడో గేరు నుంచి నాలుగుకి తిన్నగా కిందికి లాగాలి. కంగారులో గేరు రాడ్డుని ఎడమకి లాగింది, రెండో గేరు పడింది. ఇంజిను ఒక్క అరుపు అరిచి, లోపలి ఇనుము బద్దలై బయటికి పొడుచుకొచ్చింది. రోడ్డంతా ఆయిల్. తుక్కైన వేరే కారు ఇంజిను తెచ్చి హార్లన్ నెల రోజుల్లో బిగించాడు. ఈ సంగతి తెలిస్తే ఫ్యాక్టరీలో, మా క్లబ్బులో మగాళ్ళు ఆమె రిటైరయ్యేదాకా నవ్వేవాళ్ళే, నాతో సహా. అందుకని ఇంజిను అసలుదేనని చెప్పాడు. ఒకసారి చెప్పాక ఇక చెబుతూనే ఉండాల్సొచ్చింది.

"దెబ్బ తగిలిందా అని అడిగాడు. అంతే," అంది.

మ్యూజియానికి కుదరదండీ అని వెండెల్ ఫైలు మూసేశాడు. ఫారం మీద 'నంబరు కలవలేదు' అని నేనే రాశాను. హార్లన్ మీద కోప్పడినందుకు సిగ్గుతో చచ్చిపోయాను.

వెళ్ళేటప్పుడు ఆమె తాళం కోసం చెయ్యి చాపింది. ఆ రోజు తర్వాత ఆ స్టీరింగు ముట్టుకోలేదట. ఒకటి, రెండు, మూడు గేర్లు చక్కగానే వేసింది. హైవే ఎక్కాక ఇంజిను గోలపెడుతోంది, వెనక ట్రక్కులవాళ్ళు హారన్లు కొడుతున్నారు.

"నాలుగు వెయ్యి, వెర్నా. తిన్నగా కిందికి లాగు, ఏమీ కాదు."

"తెలుసు, రూడీ," అంది. చెయ్యి రాడ్డు మీదే ఉంది, లాగలేదు. పదకొండు మైళ్ళూ మూడో గేరులోనే నడిపింది.

ఇంటి ముందు ఇంజిను ఆపి, అద్దంలోంచి ఎదురుగా చూస్తూ కూర్చుంది.

"ఆయన ఒక్కసారన్నా నన్ను తిట్టాల్సింది, రూడీ," అంది.