అమెరికా ఇంటర్వ్యూకి పెద్దమ్మతో

ఫరీదాబాద్ నుంచి ఢిల్లీకి పనిమీద వెళ్ళేవాళ్ళు ఏడున్నర షటిల్ రైలు పట్టుకోండి. అది పోతే తర్వాతది ఎప్పుడొస్తుందో స్టేషన్ మాస్టరుకే తెలీదు. ఎనభై ఐదు ఎండాకాలంలో నేనూ మా పెద్దమ్మా అదే ఎక్కాం. నేను ఫరీదాబాద్‌లో పెద్దమ్మ ఇంట్లో ఉంటూ నర్సుగా చేసేదాన్ని. అమెరికాలో ఒక ఆసుపత్రివాళ్ళు నర్సుల్ని తీసుకుంటున్నారంటే అర్జీ పెట్టాను. కన్నాట్ ప్లేస్‌లో ఒక హోటల్లో ఇంటర్వ్యూ. బాపట్ల నుంచి నాన్న ఒకే మాట రాశాడు: "మీ పెద్దమ్మ సరేనంటే వెళ్ళు." తనకి ధైర్యం చాలనప్పుడల్లా ఆయన పెద్దమ్మ మీదికి తోసేస్తాడు. ఆవిడేమో ఓ పట్టాన సరేననే మనిషి కాదు.

రైల్లో కూర్చోగానే మొదలుపెట్టింది. "అక్కడ ప్రెసిడెంట్లనే కాల్చేస్తారటే. తుపాకులు కూరగాయల్లా అమ్ముతారట."

మన ప్రధానిని కాల్చి అప్పటికి ఏడాది తిరగలేదు. కాల్చింది సిక్కు కాపలాదార్లని ఢిల్లీలో సర్దార్జీల ఇళ్ళు తగలబెడుతుంటే, పెద్దమ్మ తలుపులన్నీ గడియ పెట్టి ప్రార్థన చేస్తూ కూర్చున్న సంగతి నేను మర్చిపోలేదు. అయినా ఊరుకున్నాను. పని కావలసింది నాకు.

నిజాముద్దీన్‌లో దిగి బస్సెక్కాం. అర్ధరూపాయి టికెట్టు. కొత్తగా బస్సుల్లో ట్రాన్సిస్టర్ రేడియోల్లో దాచిన బాంబులు పేలాక (సిక్కు తీవ్రవాదుల పనన్నారు), సీటు కింద చూసుకుని కూర్చోమని హిందీలో రాసిపెట్టారు. పెద్దమ్మకి మోకాళ్ళు వంగవు. అందుకని ఆవిడ సీటు కిందా, ముందు సీటు కిందా, వెనక సీటు కిందా నేనే వంగి చూశాను. వేరుశనగ తొక్కలు తప్ప ఏమీ లేవు. అప్పుడు స్థిమితంగా కూర్చుంది.

"ఇంకోటి విన్నావా? నల్లవాళ్ళ పక్కన తెల్లవాళ్ళు బస్సులో కూర్చోరట. ఏం మనుషులే వాళ్ళు, ఛీ," అంది.

పదకొండింటికి ఇంటర్వ్యూ. చేసింది ఒక తెల్లజుట్టు దొరసాని, మర్యాదస్తురాలే. ముందుగా అడిగిన ప్రశ్న, ఈ ఊళ్ళో బస్సెక్కాలంటే నీకు భయం వెయ్యదా అని. తను వచ్చిన దగ్గర్నుంచీ హోటల్ గుమ్మం దాటలేదట పాపం. అలవాటైపోయిందండీ అన్నాను. ఆ తర్వాత పని గురించి చాలానే అడిగి, చివరికి ఉద్యోగం ఇస్తామంది. బయట కూర్చున్న పెద్దమ్మకి ఇదంతా చెబితే, "చూశావా, వట్టి పిరికిజాతి," అని తీర్పు చెప్పేసింది.

మధ్యాహ్నం దోసెలు తిన్నాం. ఆ చుట్టుపక్కల తినేవాళ్ళు సాంబారు జోలికి పోకండి, పానకంలా ఉంటుంది.

నాలుగింటికి తిరుగుబస్సు కిక్కిరిసి ఉంది. ఫుట్‌బోర్డు మీద కూడా జనమే. అయినా ఒక్క సీటు ఖాళీ. దాని పక్కన కిటికీ దగ్గర ఒక ముసలి సర్దార్జీ కూర్చున్నాడు.

"కూర్చో పెద్దమ్మా, మోకాళ్ళు నొప్పులన్నావుగా."

"ఎంత దూరంలే. నిలబడతాను," అని ఆ సీటు పక్కనే రాడ్డు గట్టిగా పట్టుకుంది.

నాకు ఒళ్ళు మండింది. వెళ్ళి నేనే కూర్చున్నాను. కూర్చున్నానో లేదో, ఆయన ఒళ్ళో ఉన్న సంచి జిప్పు లాగి నావైపు తెరిచిపెట్టాడు. తువ్వాలు, కళ్ళజోడు పెట్టె, చంటిపిల్ల చెప్పుల జత. కండక్టరుకి టికెట్టు చూపించినంత మామూలుగా, "దేఖ్ లో, బేటీ," అన్నాడు, చూసుకో తల్లీ అని.

అక్కర్లేదు అంకుల్ అని హిందీలో అన్నాను. సిగ్గేసింది. కానీ నా కళ్ళు అప్పటికే ఆ చెప్పుల కింద ఏముందో చూసొచ్చేశాయి. అది ఆయనా గమనించాడు. జిప్పు మూసి కిటికీ వైపు తిరిగాడు.

తిరుగురైల్లో పెద్దమ్మ మోకాళ్ళు నొక్కుకుంటూ మళ్ళీ అందుకుంది. "పక్కన కూర్చోడానికే భయపడే మనుషుల మధ్య ఎలా బతుకుతావే? అక్కడ నువ్వూ నల్లదానివే కదా."

"బస్సెక్కగానే సంచి తెరిచి చూపిస్తాలే పెద్దమ్మా," అన్నాను.

మోకాలి మీద ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఫరీదాబాద్ వచ్చింది. నా భుజం పట్టుకుని మెల్లగా ప్లాట్‌ఫారం మీదికి దిగింది.

"వెళ్ళు. మీ నాన్నతో నేను చెబుతా," అంది. రెండడుగులు వేసి ఆగింది.

"ఎవరో ఒకరు కూర్చుంటార్లేవే, నీ పక్కన."